స్టెంట్ పడితే సముద్రం మూసేసినట్టేనా?

సెకండ్_సారు
కిందటి కాంట్రాక్ట్ ముగించి ఓడ దిగిన మూడో వారంలో, తెల్లవారుజామున ఛాతీ పట్టేసింది. గ్యాస్ అనుకుని రెండు గంటలు ఓర్చుకున్నాను. ఆస్పత్రికి వెళ్తే గుండెపోటని తేల్చారు, ఒక రక్తనాళం పూడుకుపోయిందని స్టెంట్ వేశారు. అది జరిగి నాలుగున్నర నెలలైంది. ఇప్పుడు నాకు ఏ ఇబ్బందీ లేదు. రోజూ గంట నడుస్తున్నాను, నాలుగంతస్తులు ఎక్కినా ఆయాసం రాదు. స్టెంట్ వేసిన గుండె డాక్టరే 'పనిలో చేరవచ్చు' అని రాసిచ్చాడు.

ఆ కాగితం పట్టుకుని మెడికల్‌కి, అంటే ఓడ ఎక్కేముందు చేసే వైద్య పరీక్షకి, వెళ్లాను. అక్కడి డాక్టరు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి పక్కన పెట్టేశాడు. తీరానికి దగ్గర్లో తిరిగే ఓడలు మాత్రమే, ఒంటరిగా పనిచేయకూడదు, ఒంటరిగా వాచ్ (కాపలా డ్యూటీ) ఉండకూడదు అని రాసి ఆరు నెలల సర్టిఫికెట్ చేతిలో పెట్టాడు. నేను సెకండ్ ఇంజనీర్‌ని, పదిహేడేళ్లుగా చేసినవన్నీ మహాసముద్రాలు దాటే ట్యాంకర్లే. ఈ కాగితంతో నన్నెవరు తీసుకుంటారు? గుండె డాక్టరు సరే అన్నాక, కళ్లూ చెవులూ చూసి స్టాంపు వేసే డాక్టరు కాదనడమేంటి? ఇతనికి గుండె గురించి ఆయన కంటే ఎక్కువ తెలుసా?

లంగరు_గొలుసు
గుండె గురించి కాదు, ఓడ గురించి ఎక్కువ తెలుసు. నీ గుండె డాక్టరు ఎప్పుడైనా ఇంజన్ రూమ్‌లోకి దిగాడా?

గ్రీజు_మరక
దిగితే ఆయనకే స్టెంట్ పడేది.

పొగగొట్టం
ఇదంతా బాధ్యత తప్పించుకునే వ్యవహారం. రేపు ఏదైనా జరిగితే తన సంతకం కనపడకూడదు, అంతే. సెకండ్ అన్నా, వేరే డాక్టరు దగ్గరికి వెళ్లు. అక్కడ స్టెంట్ ఊసెత్తకు. చేతి మణికట్టు దగ్గర నుంచి వేసి ఉంటే మచ్చ కూడా కనపడదు. ఈసీజీ బాగుంటే ఎవడు కనిపెడతాడు?

పరీక్షించే_చెయ్యి
నేను చాలా ఏళ్లు ఈ పరీక్షలే చేశాను. ఇప్పుడు మానేశాను కాబట్టి నన్ను తిట్టినా పర్లేదు.

సెకండ్ గారూ, మీ గుండె డాక్టరు తప్పేమీ రాయలేదు. మీరు ఆయన్ని అడిగింది 'నా గుండె ఇక పనికి తట్టుకుంటుందా' అని. తట్టుకుంటుంది అన్నాడు. మెడికల్ డాక్టరు ముందున్న ప్రశ్న వేరు. అదే నొప్పి మళ్లీ వస్తే, ఎక్కడ వస్తుంది, పక్కన ఎవరుంటారు, ఆ నిమిషంలో ఓడ ఎవరి చేతిలో ఉంటుంది? ఒడ్డున మీకు నొప్పి వచ్చినప్పుడు రెండు గంటలు ఆలస్యం చేసి కూడా ఆస్పత్రికి చేరారు. సముద్రం మధ్యలో అయితే ఓడను పక్క రేవుకి మళ్లించినా రోజులు పడుతుంది. హెలికాప్టర్ తీరం నుంచి కొంత దూరమే రాగలదు.

ఐఎల్‌ఓ (అంతర్జాతీయ కార్మిక సంస్థ), ఐఎంఓ (అంతర్జాతీయ సముద్రయాన సంస్థ) కలిసి 2013లో అచ్చేసిన మార్గదర్శకాలు ఉన్నాయి. చాలా దేశాల రూల్స్‌కి అవే ఆధారం, అయితే జెండా దేశాన్ని, అంటే ఓడ రిజిస్టరైన దేశాన్ని, బట్టి తేడాలుంటాయి. అందులో జబ్బుల వారీగా పెద్ద పట్టిక ఉంటుంది. గుండెపోటు, ఆంజైనా (గుండెకి రక్తం చాలక వచ్చే ఛాతీ నొప్పి), గుండె ఆగి బతికిన కేసులు, బైపాస్, స్టెంట్ అన్నీ ఒకే వరుసలో ఉంటాయి. పరీక్షలూ చికిత్సా అయ్యాక కూడా మూడు నెలలు ఎవరైనా సరే తాత్కాలికంగా అన్‌ఫిట్టే. ఆ తర్వాత 'మళ్లీ వచ్చే అవకాశం ఎంత' అనేదాన్ని బట్టి దారులు చీలతాయి.

అవకాశం చాలా తక్కువ, డాక్టర్లు చెప్పిన జాగ్రత్తలన్నీ పూర్తిగా పాటిస్తున్నాడు, వేరే జబ్బు కలవలేదు అనుకోండి. మొదట ఆరు నెలల సర్టిఫికెట్, ఆ పైన ఏడాదికోసారి. అవకాశం తక్కువ అయితే, మీకు రాసిందే రాస్తారు. అంటే ఒంటరి పని వద్దు, ఒంటరి వాచ్ వద్దు, తీరానికి దగ్గర్లోనే. అవకాశం ఒక మోస్తరుగా ఉండి లక్షణాలేమీ లేకపోతే, వాచ్ అసలే వద్దు, రేవు నుంచి గంట ప్రయాణం దాటకూడదు. అంతకు మించితే శాశ్వతంగా అన్‌ఫిట్.

మీరు గమనించాల్సింది ఇంకోటి ఉంది. ఏ ఆంక్షా లేని మామూలు సర్టిఫికెట్ గడి దగ్గర, ఈ వరుసకి 'వర్తించదు' అనే ఉంటుంది. కాబట్టి మీరు ఎవరి దగ్గరికి వెళ్లినా పాత రెండేళ్ల కాగితం ఇక రాదు. మీరు కొట్లాడాల్సింది 'తక్కువ' నుంచి 'చాలా తక్కువ'కి మారడం కోసం.

పొగగొట్టం గారి సలహా గురించి విడిగా రాస్తాను, ఇప్పుడు రాస్తే కోపం ఎక్కువైపోతుంది.

సెకండ్_సారు
ఈ 'చాలా తక్కువ', 'తక్కువ' ఎవరు కొలుస్తారు? తూకం రాయి ఏమైనా ఉందా?

పరీక్షించే_చెయ్యి
తూకం రాళ్లు మీరే తెచ్చుకోవాలి. యాంజియోగ్రామ్ రిపోర్టులో మిగతా నాళాలు ఎలా ఉన్నాయి, ఎకోలో గుండె పంపింగ్ ఎంత శాతం, ట్రెడ్‌మిల్ మీద ఎంతసేపు నిలిచారు, అప్పుడు ఈసీజీ మారిందా, షుగర్, కొలెస్ట్రాల్, బీపీ, సిగరెట్లు. ఇవన్నీ ఇచ్చారా? లేక ఆ ఒక్క వాక్యం ఉన్న ఉత్తరమేనా?

సెకండ్_సారు
ఆ ఉత్తరం, డిశ్చార్జి కాగితం. ట్రెడ్‌మిల్ స్టెంట్ పడ్డాక చేయలేదు. అవసరం లేదన్నారు.

లంగరు_గొలుసు
ఇంకేం, పరీక్ష రాయకుండా మార్కులు తక్కువేశారని గొడవ.

పొగగొట్టం
అందరూ నీతులు చెప్పేవాళ్లే. మా పాత కెప్టెన్ బరువు నూట ఇరవై కిలోలు, రోజుకి రెండు పెట్టెలు కాలుస్తాడు, బ్రిడ్జ్ (ఓడ నడిపే గది) మెట్లెక్కితే పడవ హారన్‌లా ఊపిరి వినిపిస్తుంది. ఆయనకి రెండేళ్లది ఇస్తారు. స్టెంట్ పడి, మందులు వాడుతూ, ఒళ్లు దగ్గర పెట్టుకుని ఉన్నవాడికి ఆరు నెలలు. దీనికేం సమాధానం చెప్తారు డాక్టరు గారు?

పరీక్షించే_చెయ్యి
దీనికి నా దగ్గర మంచి సమాధానం లేదు. మీరు చెప్పింది నిజమే. ఈ పట్టికలు జరిగిపోయిన ఘటనని పట్టుకున్నంత గట్టిగా, జరగబోయేదాన్ని పట్టుకోవు. ఊబకాయం మీద ఒక వరుస ఉంది. అందులో అడిగేది బరువు అంకె కాదు, అత్యవసర పనులు చేయగలడా, వ్యాయామ పరీక్షలో నిలబడగలడా అని. కానీ ఆ పరీక్ష నిజంగా పెట్టే డాక్టరుండాలి కదా. మీ కెప్టెన్‌కి నేనైతే పెట్టేవాణ్ని. పెట్టని వాళ్లూ ఉన్నారు.

రాత్రి_వాచ్
నాది చిన్న కేసు. మెడికల్‌లో బీపీ 168/102 వచ్చింది. తాత్కాలిక అన్‌ఫిట్ అన్నారు. ఇంట్లో చూస్తే ఎప్పుడూ 130 దాటదు. తెల్ల కోటు చూడగానే నాకు టెన్షన్, ఏం చేయను?

పరీక్షించే_చెయ్యి
గీత 160/100 దగ్గర ఉంది. పైదో కిందదో దాటితే, పరీక్షించి చికిత్స మొదలుపెట్టే దాకా మామూలుగా ఆపేస్తారు. మందు వాడినా వాడకపోయినా అక్కడే నిలిచిపోతే శాశ్వత అన్‌ఫిట్. మందుతో అదుపులో ఉండి, మందు వల్ల కళ్లు తిరగడం లాంటివి లేకపోతే పూర్తి ఫిట్ ఇవ్వొచ్చు, బీపీ మాత్ర వేసుకోవడం నేరం కాదు. ఇరవై నాలుగు గంటలు చేతికి కట్టి కొలిచే యంత్రం ఉంటుంది, ఆ రిపోర్టు తీసుకెళ్లండి. మెడికల్ రోజున పావుగంట ముందే వెళ్లి కూర్చోండి. చాలామంది మెట్లెక్కి పరిగెత్తుకొచ్చి చెయ్యి చాపుతారు.

గ్రీజు_మరక
ముందురోజు రాత్రి పార్టీ చేసుకుని కూడా చాపుతారు. నా గురించి కాదు.

పాత_బోసన్
పొగగొట్టం బాబు 'ఊసెత్తకు' అన్నాడు కాబట్టి నాకు తెలిసింది రాస్తాను. పెద్దదవుతుంది, ఓపికుంటేనే చదవండి.

బల్క్ క్యారియర్‌లో (ధాన్యం, బొగ్గు లాంటి సరుకు మోసే ఓడ) పసిఫిక్ దాటుతున్నాం. ఫిట్టర్ యాభై ఒకటేళ్ల మనిషి, గట్టివాడు, వెల్డింగ్ చేతిలో పెడితే కళ్లకద్దుకోవాలి. తొమ్మిదో రోజు మధ్యాహ్నం స్టీరింగ్ గేర్ రూమ్‌లో కూలబడ్డాడు. చెమటలు, ఎడమ చెయ్యి లాగేస్తోందన్నాడు. ఓడలో వైద్యం చూసేది థర్డ్ మేట్ (డెక్ జూనియర్ ఆఫీసరు), ఇరవై నాలుగేళ్ల కుర్రాడు. రేడియో మెడికల్ వాళ్లకి, అంటే ఓడలకి దూరం నుంచి సలహా చెప్పే డాక్టర్లకి, కాల్ చేశాం. ఆస్పిరిన్ నమిలించండి, నాలుక కింద మాత్ర పెట్టండి, ఆక్సిజన్ ఇవ్వండి అన్నారు. అప్పటికే ఏమేం మందులు వాడుతున్నాడో అడిగారు. అతను ఏమీ లేవన్నాడు. మాకూ తెలీదు.

దగ్గరి రేవు నాలుగు రోజులు. కెప్టెన్ ఓడ తిప్పాడు. ఆ రాత్రి కొంచెం తేరుకున్నాడు, నాతో మాట్లాడాడు, కూతురి పరీక్షల గురించి. రెండో రాత్రి మూడింటికి పోయాడు. నేనూ వంటవాడూ పక్కనే ఉన్నాం. గంట పైన ఛాతీ నొక్కాం, చేతులు మార్చుకుంటూ. ఆ ఓడలో షాక్ ఇచ్చే యంత్రం లేదు.

తర్వాత అతని సామాను సర్దుతుంటే విటమిన్ల డబ్బా ఒకటి దొరికింది. మూత తీస్తే మూడు రకాల మాత్రలు. ఫొటో తీసి పంపితే డాక్టరు చెప్పాడు, గుండెపోటు వచ్చినవాళ్లకి ఇచ్చేవే అని. మెడికల్ ఫారంలో 'గుండె జబ్బు ఉందా' అన్నచోట 'లేదు' అని టిక్ పెట్టి ఉంది, అతని సంతకంతో.

నేను అతన్ని తప్పు పట్టను. ముగ్గురు పిల్లలు. కానీ అడిగినప్పుడైనా చెప్పి ఉంటే బాగుండేది అని ఇప్పటికీ అనిపిస్తుంది.

లంగరు_గొలుసు
...

కాగితాల_పులి
నేను ఓడలకి సిబ్బందిని పంపే క్రూయింగ్ ఆఫీసులో పనిచేస్తాను, బోసన్ గారు రాయని సగం నాకు తెలుసు. ఎంఎల్‌సీ 2006 (ఓడ కార్మికుల హక్కుల అంతర్జాతీయ ఒప్పందం) ప్రకారం ఓడలో జబ్బు చేస్తే వైద్యం, జీతం, ఇంటికి చేర్చడం యజమాని బాధ్యత. కానీ అదే ఒప్పందంలో ఒక మినహాయింపు ఉంది. పనిలో చేరేటప్పుడు కావాలని దాచిన జబ్బు అయితే, ఆ బాధ్యత నుంచి యజమానిని తప్పించేలా దేశాలు చట్టం చేసుకోవచ్చు. క్లెయిమ్ వచ్చిన రోజు మొట్టమొదట బయటికి తీసేది ఆ టిక్ పెట్టిన ఫారమే. దాచినవాడికి పోయేది ఉద్యోగం. చిక్కుల్లో పడేది ఇంట్లో వాళ్లు.

పొగగొట్టం
సరే, నేనన్నది వెనక్కి తీసుకుంటున్నాను. కానీ మనిషి ఎందుకు దాస్తాడో కూడా ఆలోచించండి. చెప్పినవాడిని ఒడ్డున కూర్చోబెడితే, తర్వాతివాడు చెప్తాడా?

పాత_బోసన్
అదీ నిజమే బాబూ.

కేడెట్_అమ్మ
మధ్యలో వచ్చినందుకు ఏమనుకోకండి. మా అబ్బాయికి పద్దెనిమిది. డెక్ కేడెట్‌గా (ఓడ ఆఫీసరు శిక్షణకి) సీటొచ్చింది. మెడికల్‌లో గుండెలో ఏదో మర్మర్ వినిపిస్తోందని ఆపేశారు. పుట్టినప్పటి నుంచి వాడికి జ్వరం తప్ప ఏ జబ్బూ లేదు, ఫుట్‌బాల్ ఆడతాడు. ఇక ఆశ వదులుకోవాలా?

పరీక్షించే_చెయ్యి
వద్దమ్మా. మర్మర్ అంటే చప్పుడు, జబ్బు కాదు. ఇంతకు ముందు పరీక్షించని చప్పుడు వినపడితే, అదేంటో తేలేవరకు తాత్కాలికంగా ఆపమనే రూల్. ఎకో తీయించండి, గుండె నిపుణుడికి చూపించండి. వేరే లోపమేమీ లేదు, ఇది ప్రమాదం లేనిదే అని ఆయన రాసిస్తే పూర్తి ఫిట్ ఇస్తారు. సన్నగా ఉండే కుర్రాళ్లలో ఇలాంటి చప్పుళ్లు మామూలే. ఒకవేళ కవాటంలో లోపం బయటపడితే, అప్పుడు అది ఎంత వేగంగా ముదురుతుంది అనేదాన్ని బట్టి ఉంటుంది. సముద్రం ఎక్కకముందు తెలియడం మేలే కదా.

వార్ఫరిన్_వీరుడు
అమ్మగారూ, తీయించండి, ఆలస్యం చేయొద్దు. నాది చెప్తాను. నాకూ చప్పుడే, ముప్పై దాటాక వినిపించింది. కవాటం చెడింది, లోహపు కవాటం పెట్టారు. ఆపరేషన్ బ్రహ్మాండంగా అయింది. నేను సెకండ్ మేట్‌ని, మళ్లీ ఎక్కుతాననే అనుకున్నాను. కానీ లోహపు కవాటం అంటే జీవితాంతం రక్తం గడ్డకట్టకుండా మందు. ఆ మందు మీద ఉంటే శాశ్వత అన్‌ఫిట్ అన్నారు. మొదట అర్థం కాలేదు, గుండె బాగుంది కదా, మందుకేంటి అని. తర్వాత తెలిసింది. నిచ్చెన మీద నుంచి జారి తలకి దెబ్బ తగిలితే లోపల రక్తం ఆగదు. మందు మోతాదు సరిగ్గా ఉందో లేదో తరచూ రక్తపరీక్ష చేయాలి, అది ఓడలో ఎవరు చేస్తారు?

ఆపరేషన్‌కి ముందు ఎవరైనా 'మీ ఉద్యోగం ఏంటి' అని అడిగి ఉంటే, జంతు కణజాలపు కవాటం గురించి కనీసం మాట్లాడుకునేవాళ్లం. దానికి చాలామందికి ఆ మందు జీవితాంతం అక్కర్లేదు. అయితే ఆ వయసులో అది త్వరగా అరిగిపోయి మళ్లీ ఆపరేషన్ పడుతుందని, అందుకే లోహం మంచిదని డాక్టర్లు అంటారు. అది సరైన సలహాయే కావచ్చు. నన్ను అడగలేదనేదే నా బాధ. ఇప్పుడు ఒడ్డున కూర్చుని కంటెయినర్లు ఏది ఎక్కడ పేర్చాలో ప్లాన్ గీస్తుంటాను. ఓడలన్నీ తెర మీద చిన్న చిన్న డబ్బాలు.

గ్రీజు_మరక
అన్నా, నువ్వు గీసిన ప్లాన్‌తో మా ఓడ ఒకసారి పక్కకి ఒరిగిందేమో అని అనుమానం.

వార్ఫరిన్_వీరుడు
నీ జనరేటర్లు ఆగిపోతే అన్ని ఓడలూ ఒరుగుతాయి తమ్ముడూ.

రాత్రి_వాచ్
పేస్‌మేకర్ ఉంటే? మా బాబాయ్ చీఫ్ ఇంజనీర్, ఆయనకి పెట్టాలంటున్నారు.

పరీక్షించే_చెయ్యి
పేస్‌మేకర్ పెట్టగానే తలుపు మూసుకోదు. గుండె లయ ఎందుకు తప్పింది, ఇప్పుడు కుదిరిందా, కళ్లు తిరిగి పడిపోయే అవకాశం ఇంకా ఉందా అని నిపుణుడి రిపోర్టు చూసి నిర్ణయిస్తారు. బలమైన విద్యుత్ క్షేత్రాలు దాన్ని తప్పుదారి పట్టించవచ్చు కాబట్టి, చీఫ్ గారి రోజువారీ పనిలో వెల్డింగ్, పెద్ద ఆల్టర్నేటర్లు ఎంత దగ్గరగా ఉంటాయో డాక్టరుకి ముందే చెప్పాలి. ఛాతీలో పెట్టి షాక్ ఇచ్చే పరికరం మాత్రం వేరే కథ. దాన్ని పెట్టారంటేనే ప్రాణం మీదికి వచ్చే లయ తప్పు ఉందని అర్థం. దాంతో సముద్రం కుదరదు.

సెకండ్_సారు
రెండు రోజులు ఏమీ రాయలేదు, బోసన్ గారి పోస్టు చదివాక రాయబుద్ధి కాలేదు. ఇప్పుడు నా రిపోర్టు మళ్లీ తీసి చూశాను. స్టెంట్ వేసిన నాళం కాక ఇంకోదాంట్లో నలభై శాతం పూడిక ఉందట. 'మందులతో చూద్దాం' అని రాసి ఉంది. ఇది లెక్కలోకి వస్తుందా?

పరీక్షించే_చెయ్యి
వస్తుంది. నలభై శాతానికి స్టెంట్ వేయరు, కానీ మరిచిపోరు కూడా. ట్రెడ్‌మిల్ మీద నొప్పి లేకుండా, ఈసీజీ మారకుండా బాగా నిలిచారంటే అది మీ పక్షాన సాక్ష్యం. మామూలుగా వాడే పద్ధతిలో ప్రతి 3 నిమిషాలకీ వేగం, వాలు రెండూ పెరుగుతాయి. ఇంకో విషయం. సిగరెట్?

సెకండ్_సారు
మానేశాను. దాదాపు.

లంగరు_గొలుసు
దాదాపు అంటే?

సెకండ్_సారు
రోజుకి రెండు. భోజనమయ్యాక.

గ్రీజు_మరక
రెండు ఎన్నిసార్ల భోజనానికి సెకండ్ సారూ?

పరీక్షించే_చెయ్యి
'జాగ్రత్తలన్నీ పూర్తిగా పాటిస్తే' అని నేను పైన రాసింది మళ్లీ చదవండి. అది నా మాట కాదు, రూల్‌లోనే ఉంది. మీరు 'చాలా తక్కువ' గడిలోకి వెళ్లకుండా ఆ రెండు సిగరెట్లే చాలు. అక్కడి డాక్టరు మిమ్మల్ని అడిగాడా, మీరు నిజం చెప్పారా?

సెకండ్_సారు
అడిగాడు. చెప్పాను.

పరీక్షించే_చెయ్యి
అయితే ఆయన స్టాంపు డాక్టరు కాదు. మీకు అనిపించిన దానికన్నా జాగ్రత్తగానే చూశాడు.

కాగితాల_పులి
సెకండ్ గారికి నాలుగు పనికొచ్చే మాటలు. ఒకటి, సర్టిఫికెట్ కాదన్నా, ఆంక్షలు పెట్టినా, ఇంకో స్వతంత్ర డాక్టరు చేత లేదా రిఫరీ (తటస్థంగా తీర్పు చెప్పే డాక్టరు) చేత మళ్లీ పరీక్ష చేయించుకునే హక్కు ఎంఎల్‌సీలోనే ఉంది. దానికి ఎన్ని రోజుల్లో అడగాలో మీ సర్టిఫికెట్ ఇచ్చిన దేశపు రూల్ చూడండి. కానీ ఇప్పుడున్న కాగితాలతో వెళ్తే అదే జవాబొస్తుంది, కాబట్టి ముందు ట్రెడ్‌మిల్, ఎకో, సిగరెట్. రెండు, గుండె డాక్టరుకి మీ పనేంటో రాసివ్వండి. 'ఇంజనీర్' అంటే ఆయన కంప్యూటర్ అనుకుని ఉండొచ్చు. వేడిలో పని, నిటారు నిచ్చెనలు, మంటలొస్తే ఊపిరి సిలిండర్ వీపున వేసుకుని పొగలోకి దూరడం, మనిషిని బయటికి లాగడం. ఇవి తెలిశాక కూడా అదే ఉత్తరం రాస్తాడా అడగండి. మూడు, సర్టిఫికెట్ వచ్చినా కంపెనీ తీసుకోవాలని లేదు. చాలా కంపెనీల సొంత మెడికల్ దీనికంటే కఠినం, వెనక ఓడ యజమానుల బీమా క్లబ్బులుంటాయి. సర్టిఫికెట్ మొదటి గేటు మాత్రమే. నాలుగోది మరిచిపోయాను, గుర్తొస్తే రాస్తాను.

పొగగొట్టం
నాలుగోది నేను చెప్తా, లంచ్ టైమ్ అయింది.

లంగరు_గొలుసు
ఒంటరి వాచ్ ఆంక్షని తేలిగ్గా తీసుకోకు సెకండూ. బ్రిడ్జ్ మీద నేను ఒక్కణ్నే ఉన్నా, 3 నుంచి 12 నిమిషాల్లోపు బటన్ నొక్కకపోతే అలారం మోగుతుంది, ఎవరో ఒకరు పరిగెత్తుకొస్తారు. మీ దగ్గర రాత్రి మనిషి లేని ఇంజన్ రూమ్‌లోకి అలారం వస్తే డ్యూటీ ఇంజనీర్ ఒక్కడే దిగుతాడు. డెడ్ మ్యాన్ అలారం (లోపలున్నవాడు బటన్ నొక్కకపోతే మోగేది) ఉందనుకో, దాని టైమర్ అరగంట దాకా పెడతారు. గుండె ఆగినవాడికి అరగంట అంటే ఏంటో బోసన్ గారిని అడుగు.

గ్రీజు_మరక
ఈ ఒక్క పోస్టులో జోకు లేదు నా దగ్గర. థర్డ్ ఇంజనీర్‌గా ప్రతి మూడో రాత్రీ ఆ దిగేవాణ్ని నేనే.

వార్ఫరిన్_వీరుడు
పైన డాక్టరు గారు ఒక మాట వదిలేశారనుకుంటా. ఈ తీరం దగ్గర ఆంక్ష 'ఓడలో డాక్టరు ఉంటే తప్ప' అని కదా ఉండేది?

పరీక్షించే_చెయ్యి
భలే పట్టుకున్నారు, నిజంగానే వదిలేశాను. 'తక్కువ' గడిలో ఉన్నవాళ్లకి, ఓడ మీద డాక్టరు ఉంటే తీరం ఆంక్ష సడలించే వీలుంది. ఒంటరి పని ఆంక్ష మాత్రం ఉంటుంది. ఎంఎల్‌సీ ప్రకారం వంద మంది, ఆపైన ఎక్కి మూడు రోజులకు మించి అంతర్జాతీయ ప్రయాణాలు చేసే ఓడలో డాక్టరు తప్పనిసరి. అంటే ఎక్కువగా ప్రయాణికుల ఓడలు. వాటి ఇంజన్ కంట్రోల్ రూమ్‌లో వాచ్‌కి ఒకరి కంటే ఎక్కువే ఉంటారు కాబట్టి రెండో ఆంక్షకీ సరిపోవచ్చు.

సెకండ్_సారు
ట్యాంకర్ మనిషిని. ప్రయాణికుల ఓడలో తెల్ల చొక్కా వేసుకుని టై కట్టుకుని తిరగమంటారా?

పాత_బోసన్
టై కట్టుకుంటే చచ్చిపోరు బాబూ.

కాగితాల_పులి
నాలుగోది గుర్తొచ్చింది, ఇదే. ప్రయాణికుల ఓడలకి జనాన్ని అదుపు చేసే శిక్షణ వేరేగా ఉంటుంది, ఎస్‌టీసీడబ్ల్యూలో (నావికుల శిక్షణ, సర్టిఫికెట్ల అంతర్జాతీయ ఒప్పందం). కొద్ది రోజుల కోర్సు. ఖాళీగా ఉన్నప్పుడే చేసేయండి. ర్యాంకు మాత్రం ఒక మెట్టు దిగాల్సి రావచ్చు.

కేడెట్_అమ్మ
ఎకో వచ్చింది. అంతా మామూలుగానే ఉందని రాసిచ్చారు, మళ్లీ చూపిస్తే ఫిట్ ఇచ్చారు. డాక్టరు గారికి నమస్కారాలు. వాడికి మాత్రం నేను భయపడ్డానని కోపం.

గ్రీజు_మరక
మొదటి తుఫాను రోజున అమ్మ గుర్తొస్తుంది లెండి.

సెకండ్_సారు
అయిదు నెలల తర్వాత రాస్తున్నాను, ఈ చర్చ ఇంకా ఎవరైనా చూస్తున్నారో లేదో. సిగరెట్ మానేసి నూట ముప్పై ఎనిమిది రోజులు. ట్రెడ్‌మిల్ మీద పదకొండు నిమిషాలు నిలిచాను, ఈసీజీ మారలేదు. గుండె డాక్టరుకి ఇంజన్ రూమ్ ఫొటోలు చూపిస్తే 'ఇన్నాళ్లూ ఇక్కడా పనిచేసింది' అని కొంచెంసేపు మాట్లాడలేదు. ఈసారి రెండు పేజీల ఉత్తరం రాశాడు. రిఫరీ దగ్గరికి వెళ్లలేదు, గడువు తీరాక అదే మెడికల్ డాక్టరు దగ్గరికే వెళ్లాను. మొత్తం చదివాడు, పక్కన పెట్టలేదు. తీరం ఆంక్ష డాక్టరున్న ఓడకి వర్తించదని రాశాడు, ఒంటరి వాచ్ ఆంక్ష ఉంచాడు, ఏడాదికి ఇచ్చాడు. ఆ నలభై శాతం నాళాన్ని వచ్చే ఏడాది మళ్లీ చూసి, అలాగే ఉంటే అప్పుడు మాట్లాడదాం అన్నాడు.

ట్యాంకర్ కంపెనీ వాళ్లు మర్యాదగానే వద్దన్నారు. జనాన్ని అదుపు చేసే కోర్సు అయిపోయింది. థర్డ్‌గా ఒక ప్రయాణికుల ఓడలో సీటొచ్చింది, పై నెల ఎక్కాలి. మందులు అసలు పెట్టెల్లోనే తీసుకెళ్తున్నాను, డాక్టరు చీటీతో సహా.

పాత_బోసన్
మంచిది బాబూ. ఎక్కగానే ఓడ డాక్టరుకి నువ్వే వెళ్లి చెప్పు, అడిగేదాకా ఆగకు.

రాత్రి_వాచ్
ఆ 24 గంటల యంత్రం రిపోర్టుతో నాదీ సరిపోయింది. మాత్ర ఒకటి తగిలించారు.

గ్రీజు_మరక
సెకండ్ సారు ఇక థర్డ్ సారు. పేరు మార్చుకోవాలి. టై కట్టడం వచ్చా ఇంతకీ?

సెకండ్_సారు
క్లిప్పుతో తగిలించుకునేది కొన్నాను.